గురువుకు నిద్ర వచ్చిన చోటు

“నా కూతురి ముఖం మరిచిపోయాను,” అంది ఆర్డిస్ హేల్.

గురువు వంటగదిలో నేలమీద కూర్చుని క్యారెట్లు తరుగుతున్నాడు. తలెత్తలేదు.

“ఫొటోలు లేవా?”

“ఉన్నాయి. చూస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. కళ్ళు మూసుకుంటే మాత్రం ఇంకో పిల్ల కనిపిస్తుంది. సినిమాలో నా కూతురుగా వేసిన పిల్ల.”

“చనిపోయి ఎన్నేళ్ళయింది?”

“ఇరవై రెండు.”

గురువు కత్తి పక్కన పెట్టాడు. “ఎలా పోయిందో చెప్పు,” అన్నాడు.

లాస్ ఏంజెలెస్ నగరంలో తూర్పు వైపు ఒక ఇరుకు వీధి అది. ఆ ఇల్లు ఒకప్పుడు లాండ్రీ. గోడల వెంట ఆవిరి గొట్టాలు ఇంకా అలాగే ఉన్నాయి. టానిగావా గురువు పద్దెనిమిదో ఏట జపాన్ నుంచి వచ్చి, ఆ లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ సగం జీవితం గడిపాడు. రెండో ప్రపంచయుద్ధకాలంలో అమెరికాలోని మిగతా జపాన్ వాళ్ళతో పాటు ఆయన్నీ ముళ్ళకంచె వెనక శిబిరంలో పెట్టారు. అక్కడ ఒక ముసలి సన్యాసి దగ్గర ధ్యానం నేర్చుకున్నాడు. తిరిగొచ్చి మళ్ళీ ఇస్త్రీ పెట్టె పట్టుకున్నాడు. యజమాని పోయి లాండ్రీ మూతపడ్డాక, ఆ గదిలోనే చాపలు పరిచి, వచ్చినవాళ్ళకు ధ్యానం నేర్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఇంట్లో టీవీ లేదు. ముందు కూర్చున్న మనిషి ఎవరో ఆయనకు తెలియదు.

ఆమె ఎవరో తెలియని మనుషులు ఆ రోజుల్లో తక్కువ.

ఆర్డిస్ ఉత్తరాన, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న డులూత్‌లో పుట్టింది. తండ్రి ఇనప ఖనిజాన్ని ఓడల్లోకి ఎత్తే కూలీ. పదిహేడో ఏట ఊళ్ళో రేడియో నాటకాల్లో గొంతు ఇచ్చింది. పంతొమ్మిదో ఏట నాలుగు రోజులు బస్సులో కూర్చుని లాస్ ఏంజెలెస్ వచ్చింది. రెండేళ్ళు హోటల్లో ప్లేట్లు మోసింది. మొదటి వేషంలో ఆమె వీపు మాత్రమే కనిపించింది. కారెక్కే అమ్మాయి వీపు. ఆ తర్వాత ఒక స్టూడియో ఆమెను తీసుకుని, హాల్వర్‌సన్ అనే ఇంటిపేరును హేల్ అని కురచ చేసింది. రెండు పళ్ళు పీకించి కొత్తవి కట్టించింది. పన్నెండు సినిమాల్లో ఆమె హీరోకు చెల్లెలు. ఆ మధ్యలోనే ట్రంపెట్ వాయించే ఒకతన్ని పెళ్ళాడింది. పిల్ల పుట్టిన మూడేళ్ళకు అతను వెళ్ళిపోయాడు. పిల్లకు ఆమె తన పాత ఇంటిపేరే ఉంచింది.

తర్వాత, 1957లో, చనిపోతున్న పిల్లకు తల్లిగా ఒక వేషం వచ్చింది. ఆ ఒక్క సన్నివేశంతో దేశం ఆమెను గుండెలో పెట్టుకుంది. పెద్ద బహుమతి వచ్చింది. ఆపైన టీవీ సీరియల్. ఎనిమిదేళ్ళ పాటు ప్రతి మంగళవారం సాయంత్రం ఆమె డాక్టరుగారి భార్యగా ఇంటింటికీ వచ్చింది. ఈ మధ్య వేషాలు తగ్గిపోయి తలనొప్పి మాత్రల ప్రకటనల్లో కనిపిస్తోంది.

ఇప్పుడు ఒక టీవీ సంస్థ ఆమెకు సన్మానం తలపెట్టింది. ఇంకా ఆరు వారాలుంది. ఆ పాత సన్నివేశం వేసి చూపిస్తారు. తర్వాత ఆమె వేదిక మీదికొచ్చి, అది తీసిన రోజు ఏం జరిగిందో చెప్పాలి. ఇంట్లో అద్దం ముందు నిలబడి అభ్యాసం చేస్తోంది. ఎక్కడ గొంతు పూడుకుపోవాలో ఎంచుకుంటోంది. ఒక రోజు అద్దంలో తనను తాను చూసుకుని భయపడింది. కళ్ళు గట్టిగా మూసుకుని కూతురిని తలుచుకుంది. కూతురు రాలేదు. ఆ సినిమా పిల్ల వచ్చింది.

ఆమెకు జుట్టు దువ్వే మనిషి ఈ లాండ్రీ సంగతి చెప్పింది. అలా వచ్చింది.

“చెప్పు,” అన్నాడు గురువు మళ్ళీ.

ఆమె చెప్పింది.

“నా బిడ్డకు తొమ్మిదేళ్ళు. రక్తానికి పట్టిన జబ్బు. ఆస్పత్రిలో ఉంది. నేను షూటింగులో ఉన్నాను. ఆ రోజు తియ్యాల్సింది పిల్ల చనిపోయే సీను. పొద్దున పదీ నలభైకి స్టూడియోకి ఫోన్ వచ్చింది. వెంటనే రమ్మని. ఫోన్ తీసినవాడు వాల్టర్ ప్రాసర్ అని, అసిస్టెంట్ డైరెక్టరు. అతను ఆ కబురు చీటీ మీద రాసుకుని, సీను ఆగిపోతుందని, ఆ చీటీ జేబులో పెట్టుకున్నాడు. నాకు చెప్పలేదు.”

అక్కడ ఆమె కళ్ళు మూసుకుంది. కాసేపు ఊపిరి బిగబట్టింది.

“నేను ఎవరి పిల్లదో చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాను. నా బిడ్డ నర్సు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. నేను ఆస్పత్రికి చేరేసరికి అది పోయి ఇరవై నిమిషాలు దాటిపోయింది.”

ఎడమ కంటి నుంచి ఒక చుక్క జారింది.

ఈ కథ దేశంలో అందరికీ తెలుసు. సినిమా విడుదలప్పుడు స్టూడియో ప్రచార విభాగమే దీన్ని పత్రికలకు ఇచ్చింది. ప్రాసర్‌కు మళ్ళీ ఎవరూ పని ఇవ్వలేదు.

గురువు క్యారెట్లు గిన్నెలోకి తీశాడు. “రేపు మళ్ళీ చెప్పు,” అన్నాడు.

మర్నాడు పొద్దున ఆమె మళ్ళీ చెప్పింది. మూడో నాడూ చెప్పింది. గురువు ఒక రోజు బంగాళాదుంపలు చెక్కు తీశాడు. ఒక రోజు చిరిగిన చాప అంచు కుట్టుకున్నాడు. అయ్యో అనలేదు. చివర్లో “రేపు మళ్ళీ చెప్పు” అనేవాడు, అంతే.

నాలుగో నాడు ఆర్డిస్ తన గొంతు తనే విన్నది. ఆగేచోటే ఆగుతోంది. మూసేచోటే కళ్ళు మూస్తోంది. అదే కన్ను, అదే చుక్క.

అయిదో నాడు చీటీ సంగతి దగ్గర కళ్ళు మూసుకోకూడదనుకుంది. తెరిచే ఉంచింది.

గురువు నిద్రపోతున్నాడు. గడ్డం ఛాతీకి ఆనుకుంది. చేతిలో సూది అలాగే ఉంది.

ఆమె ముఖం ఎర్రబడింది. చిన్న వేషాల రోజుల్లో కూడా ఎవరూ ఆమె ఎదుట నిద్రపోలేదు.

“మీరు నిద్రపోయారు!”

గురువు కళ్ళు తెరిచాడు. “అవును. నిన్న కూడా పోయాను. మొన్న కూడా.”

“నా బిడ్డ చావు గురించి చెబుతుంటే మీకు నిద్ర వచ్చిందా?”

“ఆస్పత్రి గురించి చెప్పినప్పుడు రాలేదు. నర్సు గురించి చెప్పినప్పుడూ రాలేదు. ఒక్కచోటే వస్తోంది.”

“ఎక్కడ?”

“ఆ మనిషి చీటీ జేబులో పెట్టుకునే చోట,” అన్నాడు గురువు. “ఎందుకో తెలియదు. ముసలివాణ్ణి.”

ఆర్డిస్ లేచింది. చేతిసంచి తీసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, వీధి చివరిదాకా వట్టి కాళ్ళతో నడిచి వెళ్ళింది.

మూడు రోజులు రాలేదు. ఇంట్లో ఫోన్ మోగినా తియ్యలేదు. సన్మానం ఏర్పాట్లు చూసే మనిషి తలుపు కొడితే లోపల్నుంచి పలకలేదు.

నాలుగో నాడు పొద్దున్నే వచ్చింది. శిష్యులు గది తుడుస్తున్నారు. గురువు పెరట్లో తడిబట్ట పిండుతున్నాడు. ఆమె కూర్చోలేదు. పెరటి గుమ్మంలో నిలబడి, గోడ వైపు చూస్తూ మాట్లాడింది. గొంతు పొడిగా ఉంది.

“ప్రాసర్ చీటీ జేబులో పెట్టుకోలేదు. పరుగెత్తుకుంటూ వచ్చాడు. నా చేతిలో పెట్టాడు.”

గురువు బట్టను తీగ మీద వేశాడు.

“అప్పటికి అయిదు టేకులయ్యాయి. నాకు ఏడుపు రావడం లేదు. డైరెక్టరు విసుక్కుంటున్నాడు. పన్నెండేళ్ళు ఎదురుచూస్తే వచ్చిన వేషం. చీటీ చదివాను. కన్నీళ్ళొచ్చాయి. ప్రాసర్ ‘కారు బయట పెట్టించాను, రండి’ అన్నాడు. నేను…”

ఆగింది. ఈసారి ఆగింది ఎవరికోసమూ కాదు.

“నేను ‘కెమెరా తిప్పండి’ అన్నాను. ‘ఒక్క టేక్’ అన్నాను. అది అయిపోయాక కూడా కన్నీళ్ళు ఆగలేదు. ‘క్లోజప్ కూడా తీసెయ్యండి, మళ్ళీ రాదు’ అన్నాను. నలభై నిమిషాలు. అందరూ చూసి ఏడ్చింది అదే.”

లోపల చీపుళ్ళ చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

“ప్రచారం వాళ్ళు ‘కబురు ఆలస్యంగా అందిందట కదా’ అని అడిగారు. నేను తలూపాను. ‘ఎవరు ఆపారు?’ అన్నారు. ప్రాసర్ పేరు నేనే చెప్పాను. అంతకుముందు మనసులో అనుకున్నది కూడా కాదు. నోట్లోంచి వచ్చేసింది.”

“ఆ పొద్దున నీ కూతుర్ని చూశావా?” అడిగాడు గురువు.

“చూశాను. షూటింగుకు వెళ్ళేముందు ఆస్పత్రికి వెళ్ళాను. ‘వెళ్ళొద్దు’ అంది. ‘మధ్యాహ్నానికల్లా వస్తాను’ అన్నాను. అలిగి గోడ వైపు తిరిగింది. ఎంత పిలిచినా తిరగలేదు. నేను చివరిసారి చూసింది దాని ముఖం కాదు. జడ. నర్సు కుడివైపుకు అల్లింది. రిబ్బన్ ఊడిపోతోంది. కడదామనుకున్నాను. ఆలస్యమైపోతోందని కట్టలేదు.”

గురువు ఇంకో బట్ట పిండి ఆరేశాడు.

“ఆ మనిషి బతికే ఉన్నాడా?” అన్నాడు చివరికి.

“తెలియదు.”

“తెలుసుకో.”

తెలుసుకోవడానికి రెండు వారాలు పట్టింది. వాల్టర్ ప్రాసర్ బేకర్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఉన్నాడు. సినిమాలు పోయాక అక్కడ టీవీలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. చూపు తగ్గి ఈ మధ్యే మూసేశాడు. కొట్టు వెనకే రెండు గదుల ఇల్లు.

ఆర్డిస్ బస్సులో వెళ్ళింది. మధ్యాహ్నం ఎండలో తలుపు తట్టింది. సన్నటి మనిషి, మందపాటి కళ్ళద్దాలు. చూడగానే గుర్తుపట్టాడు. లోపలికి రమ్మనలేదు.

“మిస్ హేల్,” అన్నాడు.

“వాల్టర్, నేను ఆ రోజు సంగతి…”

“ఏ రోజు సంగతో నాకు తెలుసు.”

“అబద్ధం చెప్పాను. మీ మీద వేశాను. ఆ మాట చెప్పడానికి వచ్చాను.”

ప్రాసర్ తలుపు చట్రానికి ఆనుకున్నాడు. కోపంగా లేడు. అది ఆమెకు ఇంకా కష్టంగా ఉంది.

“మొదట్లో నేనూ అందరికీ చెప్పాను,” అన్నాడు. “చీటీ మీ చేతికే ఇచ్చానని. ఎవరూ నమ్మలేదు. నా భార్య డొలోరెస్ ఒక్కతే నమ్మింది. తర్వాత మీ సీరియల్ వచ్చింది. కొట్లో బాగుకొచ్చిన టీవీలన్నీ మంగళవారం సాయంత్రం ఒకేసారి పెట్టి చూసేది. ‘తల్లిలా ఉంటుంది ఈమె’ అనేది. ఎనిమిదేళ్ళు చూసింది. ఏడో ఏటో, ఎనిమిదో ఏటో, ఒక రోజు నన్ను అడిగింది, ‘వాల్టర్, నిజంగా ఇచ్చావా ఆ చీటీ?’ అని.”

ప్రాసర్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“డెబ్భై ఒకటిలో పోయింది. నమ్ముతూ పోయిందో, నమ్మకుండా పోయిందో నాకు తెలియదు. నేను మళ్ళీ అడగలేదు.”

“వచ్చే నెల టీవీలో నాకు సన్మానం. అక్కడ అందరి ముందూ చెప్పేస్తాను.”

“మీ ఇష్టం. నాకోసమైతే వద్దు. నాకోసమైతే ఆలస్యమైంది.”

తలుపు మూయబోయి ఆగాడు.

“ఆ పాప పేరేమిటి? అప్పట్లో పత్రికల్లో ఎవరూ రాయలేదు. ‘ఆమె బిడ్డ’ అనే రాశారు.”

‘నా బిడ్డ’ అంటే జనానికి తొందరగా తగులుతుందని ప్రచారం వాళ్ళు ఆమెకు చెప్పారు. అలాగే అలవాటైపోయింది.

“కోరా,” అంది ఆర్డిస్.

“కోరా,” అన్నాడు ప్రాసర్. తలుపు మూశాడు.

ఆమె తిరిగొచ్చి గురువుకు చెప్పింది. “ఆయన క్షమించలేదు.”

“క్షమించమని అడిగావా?”

“లేదు. నిజం చెప్పాను.”

“ఆ పాత కథ ఇంకెవరికి చెప్పావు?”

“దేశమంతటికీ.”

గురువు లేచి బియ్యం కడగడానికి వెళ్ళాడు.

సన్మానం రోజు హాలు నిండిపోయింది. కార్యక్రమం అప్పటికప్పుడు దేశమంతా ప్రసారమవుతోంది. ఆ పాత సన్నివేశం వేశారు. చీకట్లో జనం ముక్కులు తుడుచుకున్నారు. దీపాలు వెలిగాయి. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆర్డిస్ మైకు దగ్గరికి వచ్చింది. చప్పట్లు ఆగేదాకా నిలబడింది.

“నా కూతురి పేరు కోరా హాల్వర్‌సన్,” అంది. “వాల్టర్ ప్రాసర్ ఆ చీటీ నా చేతికి ఇచ్చాడు.”

రెండు నిమిషాలు మాట్లాడింది. గొంతు ఎక్కడా పూడుకుపోలేదు. అంత చప్పగా ఆమె ఎప్పుడూ ఏదీ చెప్పలేదు. ముందు వరసలో ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. కార్యక్రమం నడిపేవాడు పక్కనుంచి సైగ చేశాడు. టీవీల్లో సబ్బు ప్రకటన వచ్చింది. హాల్లో మాత్రం ఆమె చివరిదాకా చెప్పింది.

దిగి వస్తుంటే ఎవరూ పక్కకు జరగలేదు, ఎవరూ దగ్గరికీ రాలేదు.

మర్నాటి నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ఒక తల్లి ఆమె ఫొటోను ముక్కలుగా కత్తిరించి పంపింది. మిగిలిన ఆ తలనొప్పి మాత్రల ప్రకటన కూడా ఆగిపోయింది. ఎవరో ఆమె ఇంటి గేటు మీద నల్లరంగు పోశారు. దుకాణంలో కూరలు తూచే మనిషి ఆమె చేతికి అందివ్వకుండా బల్ల మీద పెట్టాడు. ఒక విలేఖరి బేకర్స్‌ఫీల్డ్ వెళ్ళి ప్రాసర్‌ను అడిగితే, “ఆమె చెప్పింది నిజమే,” అని తలుపేసుకున్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. ఆర్డిస్‌కు ఒక కార్డు ముక్క కూడా రాయలేదు.

ఆమె లాండ్రీకి రావడం మానలేదు. చాపలు దులిపేది. గొట్టాల మీద దుమ్ము తుడిచేది. గురువు దగ్గర తన కష్టాల సంగతి ఎత్తలేదు. ఆయన అడగలేదు.

అక్టోబరులో ఒక రోజు ఆమె శ్మశానానికి వెళ్ళింది. అంతకుముందు వెళ్ళిన ప్రతిసారీ ఫొటోలు తీసేవాళ్ళు వెంట ఉన్నారు. ఈసారి ఒక్కతే. కోరా సమాధి రాతి పక్కన గడ్డిలో కూర్చుంది. ఎండ ముఖం మీద పడి, పక్కకు జరిగి, చెట్ల వెనక్కి పోయింది.

మర్నాడు గురువుతో చెప్పింది.

“నిజం చెప్పేశాక ముఖం గుర్తొస్తుందనుకున్నాను. రాలేదు. ఏడుపూ రాలేదు. ఊరికే కూర్చున్నాను.”

“సినిమా పిల్ల వచ్చిందా?”

ఆర్డిస్ ఆలోచించింది. “లేదు. ఎవరూ రాలేదు.”

“ఎంతసేపు కూర్చున్నావు?”

“గేటు మూసేదాకా.”

గురువు ఇస్త్రీ చేసిన గుడ్డను నాలుగు మడతలు పెట్టి, అంచులు సరిచేసి, పక్కన పెట్టాడు.

“గేటు మళ్ళీ ఎన్నింటికి తీస్తారు?” అని అడిగాడు.

ఆమె ఆయన వంక చూసింది.

“పొద్దున ఎనిమిదింటికి,” అంది.